వాలు నేలలో స్విమ్మింగ్ పూల్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం శేషాచలం వార, పుత్తూరు, పలమనేరు వైపు గుట్టల మీద ఇళ్లు కట్టుకున్నవాళ్లవి. చెట్ల మధ్య, వాలులో పూల్ కట్టాలన్నదే అందరి ఆలోచన. చదును నేల మీద కట్టే పద్ధతి తెచ్చి గుట్ట మీద పెడితే కుదరదు కాబట్టి ఈ నెల శీర్షికంతా దానికే కేటాయించాం.

ప్రశ్న: చంద్రగిరి దాటాక గుట్ట వారన మాకు 40 సెంట్ల పట్టా భూమి ఉంది. ఇల్లు పైన, చింత, వేప, కానుగ చెట్లు కింద. ఆ రెంటి మధ్య 25 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పుతో పూల్ కట్టాలి. నేల ప్రతి అయిదడుగులకు ఒక అడుగు దిగుతుంది. ఎటు తిప్పి కట్టాలి? పని ఎక్కడ మొదలుపెట్టాలి?

పొడవు వాలుకు అడ్డంగా ఉండాలి. పొడవును వాలు వెంట దింపితే ఈ కొసకూ ఆ కొసకూ అయిదడుగుల తేడా వస్తుంది. అడ్డంగా పెడితే తేడా రెండున్నర అడుగులు కూడా ఉండదు. తవ్వకం, గోడ ఎత్తు, ఖర్చు అన్నీ ఈ ఒక్క నిర్ణయంతో తగ్గుతాయి.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. పూల్ మొత్తం తవ్విన గట్టి నేలలోనే కూర్చోవాలి. పై పక్క తవ్విన మన్ను కింది పక్క పోసి, దిమ్మిస కొట్టి, సగం పూల్‌ను దాని మీద నిలబెట్టే పని చాలాచోట్ల జరుగుతోంది. మన్ను మోసే కూలి మిగులుతుంది కదా అని మేస్త్రి చెబుతాడు. మీ కొలతకు సగటు లోతు నాలుగున్నర అడుగులు అనుకుంటే 38,000 లీటర్లు పడతాయి, అంటే 38 టన్నులు. కాంక్రీటు బరువు ఇంకో 35 టన్నులు. పోసిన మన్ను రెండు వానాకాలాల్లో దిగుతుంది, పూల్ ఒరుగుతుంది. ఇల్లు అర అంగుళం ఒరిగితే ఎవరికీ కనబడదు. పూల్‌లో నీళ్లు ఎప్పుడూ మట్టంగానే ఉంటాయి కాబట్టి టైల్స్ వరస పక్కన ఆ అర అంగుళం రోజూ వెక్కిరిస్తుంది.

జేసీబీని పిలిచే ముందు రెండు పరీక్ష గుంతలు తీయించండి. పై పక్క ఒకటి, కింది పక్క ఒకటి, ఏడడుగుల లోతు. చుట్టూ కంచె కట్టి వదిలేయండి. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి ఆ నెలల్లో చూస్తేనే గుట్ట నిజం చెబుతుంది. గుంతలో ఊట ఏ లోతులో, ఏ పక్క నుంచి వస్తోందో కొలిచి రాసుకోండి. మే నెలలో తవ్వి ఎండిన గుంత చూసి మురిసిపోతే లాభం లేదు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి, ఆ వెంటనే డిసెంబరు మొదట్లో ఘాట్ రోడ్డు మీద బండలు విరిగిపడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అదే గుట్టల వారన మీరు గుంత తీస్తున్నారు.

అందుకని పూల్ కన్నా ముందు కాలువ కట్టాలి. పూల్‌కు పది అడుగుల పైన, వాలుకు అడ్డంగా, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు, అడుగున రాతి పరుపు. వందడుగులకు ఒక అడుగు దిగేట్టు పెట్టి, చివర పూల్ దాటించి వంకలోకి వదలండి, పక్కవాళ్ల కయ్యలోకి కాదు. పై పక్క మట్టికట్ట ఎత్తుగా తెగితే దానికి విడిగా రాతి గోడ కట్టండి. దాని వెనక అడుగు మందాన 40 మిల్లీమీటర్ల కంకర, గోడలో అయిదడుగులకొకటి మూడంగుళాల పైపు. పూల్ గోడనే ఆ కట్ట ఆపే గోడగా వాడుకోవద్దు. రెంటి మధ్య కనీసం నాలుగడుగులు ఉంటే మనిషి నడవొచ్చు, పైపులు బాగుచేయొచ్చు.

ఇక పూల్ అడుగు మట్టంలో చుట్టూ నాలుగంగుళాల చిల్లుల పైపు వేసి, చుట్టూ 20 మిల్లీమీటర్ల కంకర పోసి, జియోటెక్స్‌టైల్ గుడ్డ (మన్నును ఆపి నీళ్లను వదిలేది) చుట్టాలి. చదును నేలలో ఈ నీటిని తోడటానికి మోటారు కావాలి. గుట్ట మీద ఆ బాధ లేదు. మీ వాలుకు పూల్ అడుగు ఆరడుగుల లోతులో ఉంటే, ఆ పైపును కిందికి 35 అడుగులు తీసుకెళ్తే నేల పైకి తేలుతుంది. కరెంటు లేకుండా ఊట దానంతట అదే పోతుంది. పైపు మూతికి జల్లెడ బిగించండి, లేకపోతే ఎలుకలు, పాములు కాపురం పెడతాయి.

తవ్విన మన్ను లెక్క కూడా వేసుకోండి. పని చేయడానికి చుట్టూ రెండేసి అడుగులు వదిలితే గుంత 3,300 ఘనపుటడుగులు వస్తుంది. తవ్వాక మన్ను ఉబ్బుతుంది కాబట్టి వంద ఘనపుటడుగులు పట్టే ట్రాక్టరుకు నలభై ట్రిప్పులు దాటుతాయి. దాన్ని కింది చెట్ల మొదళ్ల మీదికి తోసేస్తే వేళ్లకు ఊపిరాడక రెండు మూడేళ్లలో చెట్లు ఎండిపోతాయి.

ప్రశ్న: మా స్థలంలో నాలుగు ఎర్రచందనం చెట్లు, రెండు మర్రి మొక్కలు ఉన్నాయి. పట్టా మాదే కదా, కొట్టేయొచ్చా?

కూడదు. ఎర్రచందనం పట్టా భూమిలో ఉన్నా అటవీశాఖ అనుమతి లేకుండా కొట్టకూడదు, దుంగ కదిలించకూడదు. మిగతా చెట్లకు కూడా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. కొత్త బోరుకూ అదే చట్టం. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) పరిధిలో ఉంటే పూల్‌ను ఇంటి ప్లానులోనే చూపించండి. రిజర్వు ఫారెస్టు హద్దు రాళ్లు దగ్గరలో ఉంటే ముందు సర్వే చేయించుకోవాలి. డీకేటీ భూమి (ప్రభుత్వం అసైన్ చేసిన భూమి) అయితే అసలు ఈ ఆలోచనే వద్దు.

పై పక్క చెట్లను అనుమతి దొరికినా కొట్టకండి. వాలును పట్టి ఉంచేది వాటి వేళ్లే. మర్రి, రావి, మేడి మాత్రం పూల్‌కు 40 అడుగుల లోపల వద్దు. తడి ఎక్కడుంటే వాటి వేళ్లు అక్కడికి వెతుక్కుంటూ వస్తాయి. మొక్కలుగా ఉన్నప్పుడే వేళ్లతో సహా తీసి వేరేచోట నాటించండి.

ప్రశ్న: పుత్తూరు దగ్గర తవ్వుతుంటే నాలుగడుగుల కింద ఒక పక్క బండ, ఇంకో పక్క ఎర్రమన్ను వచ్చాయి. బండ మీద కాంక్రీటు వేస్తే ఇంకా గట్టిగా ఉంటుంది కదా?

మొత్తం బండ అయితే గట్టే. సగం బండ, సగం మన్ను అయితే అంతకన్నా చెడ్డ పునాది లేదు. మన్ను పక్క వెంట్రుకవాసి దిగుతుంది, బండ పక్క దిగదు, రెండూ కలిసే గీత మీద అడుగు చీలుతుంది. ముందు అది పరుపు బండో, విడి గుండో చూడండి. చుట్టూ తవ్వి అడుగు దొరికితే గుండు. దాన్ని పగలగొట్టి తీసేయొచ్చు. పరుపు బండ అయి, మన్ను పక్క కూడా మూడు నాలుగడుగుల్లో తగులుతుంటే అక్కడిదాకా మన్ను తీసి 1:4:8 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటుతో నింపండి. అంత లోతులో కూడా తగలకపోతే బండ పక్కను ఒక అడుగు అదనంగా చెక్కి, అడుగంతా ఒకే మందాన కంకర పరుపు పోసి రోలరుతో అదమాలి. ఈ పని స్ట్రక్చరల్ ఇంజనీరు చూడకుండా చేయొద్దు. అన్నిటికన్నా చవకైన మార్గం ఇంకా ఏమీ కట్టలేదు కాబట్టి పూల్‌ను పక్కకు పది అడుగులు జరపడం.

పేలుడు పదార్థాలకు లైసెన్సు కావాలి, ఇంటి పక్కన వద్దు కూడా. మిషను వెళ్లేచోట బ్రేకరు చాలు. వెళ్లనిచోట క్రాక్ పౌడరు వాడతారు: ఒకటిన్నర అంగుళాల రంధ్రాలు అడుగు, అడుగున్నర దూరంలో వేసి, పౌడరు నీళ్లలో కలిపి పోస్తే ఒక రోజులో బండ చీలుతుంది. పౌడరులో ఎండాకాలం రకం, చలికాలం రకం వేర్వేరు. మే నెలలో చలికాలం రకం పోస్తే లోపల వేడెక్కి రంధ్రంలోంచి తుపాకీ గుండులా పైకి తన్నుతుంది. కళ్లద్దాలు పెట్టుకోవాలి, పోశాక రంధ్రంలోకి తొంగి చూడకూడదు.

ప్రశ్న: 25×12 పూల్‌కు సిమెంటు, కమ్మి ఎంత పడుతుంది? మేస్త్రి ఇటుక గోడ చాలంటున్నాడు.

వాలు నేలలో ఇటుక వద్దు. అడుగు, గోడలు ఎనిమిదంగుళాల ఆర్‌సీసీ అనుకుంటే సుమారు 14 ఘనపు మీటర్ల కాంక్రీటు, అందులోకి 110 నుంచి 115 బస్తాల సిమెంటు. రెండు జాలీలుగా 10 మిల్లీమీటర్ల కమ్మి 150 మిల్లీమీటర్ల దూరంలో కడితే 1.3 టన్నుల పైచిలుకు. ఇది సరుకు అంచనా మాత్రమే. కింది పక్క గోడ నేల పైకి తేలితే నీళ్ల తోపుకు వెనక మన్ను ఆసరా ఉండదు, ఆ గోడకు కమ్మి విడిగా లెక్క కట్టించాలి.

నీళ్లు నిలిపే కట్టడానికి కాంక్రీటు ఎం30 గ్రేడుకు తగ్గకూడదు. బస్తా సిమెంటుకు ఇసుకలో తడితో సహా 22 లీటర్ల నీళ్లకు మించకూడదు. కాంక్రీటు జారడం లేదని డబ్బాడు నీళ్లు ఎక్కువ పోశారా, రేపటి కారుడు అక్కడే మొదలైంది. జారుడు కావాలంటే కాంక్రీటులో కలిపే అడ్‌మిక్స్చర్ మందు ఉంది. కమ్మి మీద బయటికి 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు ఉండాలి.

అడుగును, దాంతోపాటు గోడలో ఆరంగుళాల స్టార్టరును (గోడ మొదటి వరసను) ఒకేసారి పోయాలి. స్టార్టరులో అతుకు గుండా నీళ్లు దాటకుండా ఆపే పీవీసీ పట్టీ, వాటర్‌బారు, సగం కిందికి, సగం పైకి ఉండేట్టు నిలబెట్టాలి. దాని అతుకులు వేడి కత్తితో కరిగించి కలపాలి. ఒకదాని మీద ఒకటి పెట్టి బైండింగ్ వైరు చుడితే అది అతుకు కాదు, దారి. సెంట్రింగ్ వాళ్లు పలకలు బిగించడానికి గోడలో ఆరపార పీవీసీ గొట్టాలు పెడతారు. మనం చూసే కారుళ్లలో చాలా భాగం ఆ గొట్టాల చలవే. గోడలోనే ఉండిపోయే ఇనుప టై రాడ్లు అడగండి. రిటర్ను (శుభ్రమైన నీళ్లు తిరిగొచ్చేది), మెయిన్ డ్రైన్ (అడుగు నుంచి లాగేది), స్కిమ్మరు (పైన తేలే ఆకు, చెత్త లాగేది) పైపులు ఫ్లాంజితో సహా కాంక్రీటు పోసేటప్పుడే లోపల ఉండాలి. తరవాత గోడకు కన్నం కొట్టి పెడతామంటే ఒప్పుకోకండి.

రెడీమిక్స్ లారీ మీ దారి ఎక్కుతుందో లేదో ముందే చూసుకోండి. ఎక్కకపోతే కిందనుంచి పంపుతో కొట్టించాలి. ఎండాకాలం అయితే సాయంత్రం పోసి, 14 రోజులు గోనెపట్టాలు తడిపి ఉంచాలి. జనవరిలో తవ్వకం మొదలుపెట్టి, ఎలాగైనా సెప్టెంబరులోపు పూల్ నింపేయాలి. ఎందుకో తరవాతి జవాబులో ఉంది.

ప్రశ్న: పాకాల వైపు మా పూల్ మూడేళ్లనాటిది. డిసెంబరులో వానలు వెలిశాక నీళ్లు పచ్చబడితే మొత్తం తోడించి కడిగించాం. రెండో రోజుకు అడుగు మధ్యలో ఉబ్బి టైల్స్ లేచాయి, ఒక మూల అంగుళం పైకి వచ్చింది. సిమెంటు నాసిరకమంటారా?

సిమెంటును తప్పుపట్టకండి. మీ పూల్ తేలింది. ఖాళీ బిందెను బావిలోకి నొక్కితే చేతిని ఎలా పైకి తంతుందో ఇదీ అంతే. 25×12 పూల్ ఖాళీ బరువు 35 టన్నులు. దాని అడుగు వైశాల్యం సుమారు 32 చదరపు మీటర్లు. అంటే చుట్టూ మన్నులో ఊటనీరు పూల్ అడుగుకన్నా మూడున్నర అడుగులు పైకి వస్తే, ఆ నీటి తోపు పూల్ బరువుతో సమానమవుతుంది. ఇంకో అరడుగు పెరిగితే ఏ సిమెంటూ ఆపలేదు. అంతదాకా పోకముందే అడుగు పలక మధ్యలో వంగుతుంది, మీకు జరిగింది అదే. వాన వెలిసినా గుట్ట లోపలి నీరు వారాల తరబడి దిగుతూనే ఉంటుంది. పైన నేల ఎండిందని నమ్మి తోడించారు.

ఇప్పుడు చేయాల్సింది: లోతైన కొసలో అడుగుకు రెండంగుళాల కన్నాలు రెండు వేయించి బయటి నీటిని లోపలికి రానివ్వండి. మురికి నీళ్లే వస్తాయి, రానివ్వండి, లోపలా బయటా మట్టం సమానమైతే తోపు ఆగుతుంది. లేచిన పలక దానంతట అది సరిగ్గా కూర్చోదు, కింద ఖాళీలోకి మన్ను జారి ఉంటుంది. మార్చి, ఏప్రిల్‌లో ఊట దిగాక సుత్తితో తట్టి డొల్ల శబ్దం వచ్చినచోట్లు గుర్తుపెట్టి, తక్కువ ఒత్తిడితో సిమెంటు పాలు ఎక్కించాలి. ఆ తరవాతే టైల్స్ సంగతి.

మళ్లీ ఇలా జరగకుండా పూల్ పక్కన అడుగు కన్నా ఒక అడుగు లోతుకు నాలుగంగుళాల చిల్లుల పైపు నిలువుగా దించండి. తోడించే ముందు దాంట్లోకి తాడు వదిలి చూడండి. నీళ్లు అడుగు మట్టం దాటి ఉంటే మోటారు ముట్టుకోవద్దు. కొత్తగా కట్టేవాళ్లు అడుగు సంపులోనే హైడ్రోస్టాటిక్ వాల్వు పెట్టించుకోండి. బయటి తోపు పెరిగితే అది తెరుచుకుని నీటిని లోపలికి వదులుతుంది. ఇసుక రేణువు ఇరుక్కుంటే మూసుకోదు, కాబట్టి ఏడాదికోసారి తీసి కడగాలి.

అసలు నీళ్లు పచ్చబడితే తోడించనక్కర్లేదు. పీహెచ్ 7.2కు తెచ్చి, సాయంత్రం 10 పీపీఎం (లీటరుకు 10 మిల్లీగ్రాములు) క్లోరిన్ వేసి రాత్రంతా పంపు తిప్పండి. 38,000 లీటర్లకు 10 శాతం సోడియం హైపో (ద్రవ క్లోరిన్) 3.8 లీటర్లు. పచ్చదనం చచ్చి తెల్లబడ్డాక కిలో, కిలోన్నర పటిక కరిగించి చల్లి, పంపు ఆపి ఒక రాత్రి వదిలేస్తే మడ్డి అడుగుకు చేరుతుంది. దాన్ని వాక్యూమ్‌తో ఫిల్టరులోకి కాకుండా నేరుగా బయటికి లాగాలి.

ప్రశ్న: కొత్త పూల్‌లో రోజూ నీళ్లు తగ్గుతున్నాయి. ఆవిరవుతున్నాయా, కారుతున్నాయా?

వారం నింపి ఉంచి కాంక్రీటు తాగేంత తాగనివ్వాలి, తరవాత ఏడు రోజుల్లో 40 మిల్లీమీటర్లకు మించి తగ్గకూడదన్నది ప్రమాణం. మన ఎండాకాలంలో ఆవిరే రోజుకు ఆరేడు మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి వట్టి కొలత మోసం చేస్తుంది. ఒక బకెట్‌లో నీళ్లు పోసి పూల్ మెట్టు మీద, మెడ బయటికి ఉండేట్టు నిలబెట్టండి. బకెట్ లోపల, పూల్ గోడ మీద గీతలు గీయండి. పంపు ఆపి రెండు రోజులు చూడండి. రెండూ సమానంగా తగ్గితే ఆవిరి, 25×12 పూల్‌కు అది రోజుకు 200 లీటర్ల లోపు. పూల్ ఎక్కువ తగ్గితే కారుడు. పంపు తిరిగేటప్పుడే ఎక్కువ తగ్గుతుంటే రిటర్ను పైపులో, ఎప్పుడూ ఒకేలా తగ్గుతుంటే గోడలో లేదా అడుగులో వెతకాలి. ఈ పరీక్షంతా టైల్స్ వేయకముందే, వట్టి కాంక్రీటు మీదే చేయాలి.

ప్రశ్న: చింత చెట్టు కింద పూల్ కట్టాం. ఆకు ఫిల్టరును ముంచేస్తోంది. ఏ ఫిల్టరు పెట్టాలి?

ఫిల్టరు దాకా ఆకు పోకూడదు, అది స్కిమ్మరు బుట్టలోనే ఆగాలి. చింతాకు సన్నం కాబట్టి బుట్ట కన్నాల్లోంచి జారిపోతుంది. బుట్టకు పాత నైలాన్ మేజోడు తొడగండి, నవ్వకండి, దీనికన్నా మంచి ఉపాయం లేదు. స్కిమ్మరు ఆకు కొట్టుకొచ్చే పక్కన ఉండాలి. ఇక్కడ మే నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలి, కాబట్టి తూర్పు గోడలో పెట్టాలి. 25×12 పూల్ అయితే 300 చదరపుటడుగులు కాబట్టి ఒకటి సరిపోతుంది, చెట్టు మీదే ఉంటే రెండు. నీళ్లు అంచు మీదుగా చుట్టూ కాలువలోకి పొర్లే ఓవర్‌ఫ్లో రకం చెట్ల కింద వద్దు, చుట్టూ కాలువంతా ఆకే.

పంపు ఆరు గంటల్లో నీళ్లన్నీ ఒకసారి తిప్పాలంటే గంటకు 6,400 లీటర్లు. దానికి 24 అంగుళాల సాండ్ ఫిల్టరు, ముప్పావు నుంచి ఒక హెచ్‌పీ పంపు, సుమారు 150 కిలోల 0.5–1 మిల్లీమీటరు సిలికా ఇసుక. ఏటి ఇసుక పోయకండి. శుభ్రంగా ఉన్నప్పుడు గేజి ఎంత చూపిందో రాసి అతికించుకుని, అంతకన్నా ఒత్తిడి అర బారు పెరిగితే రెండు మూడు నిమిషాలు బ్యాక్‌వాష్ చేయండి, అంటే నీటిని ఎదురు దిశలో పంపి ఇసుకను కడగండి. ప్రతిసారీ 300, 400 లీటర్లు పోతాయి. ఆ నీటిని గోడ మొదట్లో వదలకుండా, దూరంగా ఇంకుడు గుంతకు పంపండి.

ప్రశ్న: బోరు నీళ్లు నింపి క్లోరిన్ వేయగానే టీ రంగు వచ్చింది. ఆకుల వల్లా?

వేసిన గంటలోనే వచ్చిందంటే బోరులోని ఇనుము. ఆకు రంగు అయితే క్లోరిన్‌కు తగ్గుతుంది, పెరగదు. గోడ మీద మరకకూ ఇదే తేడా: విటమిన్ సి మాత్ర రుద్దితే పోయేది ఇనుము మరక, క్లోరిన్ పెడితే పోయేది ఆకు మరక. ఇనుము తుప్పును రెండు మూడు రోజులు ఫిల్టరు తిప్పి, గేజి పెరిగినప్పుడల్లా బ్యాక్‌వాష్ చేసి తీసేయొచ్చు.

ఉప్పు, సున్నం ఎక్కువున్న బోరుకు బ్లీచింగ్ పౌడరు వేస్తే సున్నం ఇంకా పెరిగి టైల్స్ మీద తెల్ల పొర కడుతుంది. సోడియం హైపో వాడండి, 38,000 లీటర్ల పూల్‌కు 1 పీపీఎంకు 380 మిల్లీలీటర్లు. నీటిలో క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం, పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య ఉండాలి. హైపోతో పీహెచ్ పెరుగుతుంది, 7.8 దాటితే 400 మిల్లీలీటర్ల మ్యూరియాటిక్ యాసిడ్‌లో సగం పోసి, నాలుగు గంటలాగి కొలిచి, అవసరమైతే మిగతా సగం. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో కాదు. యాసిడ్, క్లోరిన్ ఒక గదిలో పెట్టకండి. క్లోరిన్ బిళ్లలనూ హైపోక్లోరైట్ పొడినీ ఒకే డబ్బాలో వేయొద్దు, మంటలు లేస్తాయి.

ప్రశ్న: పలమనేరు దగ్గర అడవి పక్కన మా తోట. పూల్ కడితే జంతువులు వస్తాయా?

వస్తాయి. ఎండాకాలంలో కోతి, పాము, అడవిపంది, కుందేలు అన్నిటికీ నీళ్ల వాసన తెలుసు. కౌండిన్య అభయారణ్యం వైపు ఏనుగులు తిరిగే దారిలో ఉంటే పూల్ కట్టొద్దనే మా సలహా. ఏనుగుకు కాంపౌండు గోడ లెక్కలోది కాదు. కంచెకు నేరుగా కరెంటు పెట్టడం నేరం, మనుషులూ చస్తారు. మిగతాచోట్ల చుట్టూ నాలుగడుగుల కంచె, తనంతట మూసుకునే గేటు పెట్టండి. అది పిల్లలకూ అవసరమే, గేటు గొళ్లెం వాళ్లకు అందని ఎత్తులో ఉండాలి. రాత్రి ఒక మూల గరుకు చెక్క పలక నీళ్లలోకి వాల్చి ఉంచితే పడ్డ ఉడుత, కప్ప, పాము ఎక్కి పోతాయి, పొద్దున స్కిమ్మరు బుట్టలో చెయ్యి పెట్టేటప్పుడు మీకూ భయం ఉండదు. అయినా పట్టుకర్రతో బుట్ట తీయండి. లోపలి దీపాలు 12 వోల్టులవే ఉండాలి, వాటి ట్రాన్స్‌ఫార్మరు నీటి అంచుకు 12 అడుగుల అవతల, పంపు లైనుకు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే వెంటనే ఆపేసే స్విచ్చి) తప్పనిసరి.